తెర మీద కనబడని లోగోకి ఎవరు జవాబుదారీ?

(సినిమా ఒప్పందాల మీద పాఠకులు పంపే ప్రశ్నలకు మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విదేశీ కంపెనీలతో వచ్చిన బ్రాండింగ్ గొడవల గురించే. అందుకే ఈ సంచికలో అవే తీసుకున్నాం.)

ప్రశ్న: మాది తెలుగు, తమిళంలో ఒకేసారి తీస్తున్న సినిమా. ఒక షెడ్యూలు మలేషియాలో చేశాం. అక్కడి కాఫీ కంపెనీ ఒకటి కొంత నగదు, మిగతాది యూనిట్‌కి హోటల్ గదులు, వ్యాన్ల రూపంలో ఇచ్చింది. సినిమాలో కనీసం 20 సెకన్లు బ్రాండ్ ప్రముఖంగా కనిపించాలని అగ్రిమెంట్. ఎడిటింగ్‌లో ఆ కాఫీ షాపు సీను సగానికి తెగిపోయింది. ఇప్పుడు లోగో కనిపించేది నాలుగైదు సెకన్లు, అదీ వెనకాల మసగ్గా. ఇచ్చిందంతా తిరిగివ్వాలి, పైగా నష్టపరిహారం కట్టాలి అని లీగల్ నోటీసు వచ్చింది. తగాదా వస్తే సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు) అని రాసుంది. మూడు వారాల్లో రిలీజ్. “సినిమా మనది, ఎక్కడ కట్ చేసుకుంటే వాళ్లకేంటి” అంటున్నారు మా నిర్మాతగారు. ఆయన మాట నిలబడుతుందా?
– ప్రొడక్షన్ మేనేజర్, సాలిగ్రామం

జవాబు: నిలబడదండీ. డైరెక్టరుకి ఎడిటింగ్ మీద స్వేచ్ఛ ఉండాలి, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ అది డైరెక్టరుకీ నిర్మాతకీ మధ్య సంగతి. కాఫీ కంపెనీకి మీరు అమ్మింది 20 సెకన్లు. ఆ 20 సెకన్లు ఎందుకు తెగిపోయాయన్నది వాళ్ల తలనొప్పి కాదు. మీ అగ్రిమెంట్‌లో “ఫైనల్ కట్ నిర్ణయం నిర్మాతదే, బ్రాండ్ నిడివి దానికి లోబడి ఉంటుంది” అనే అర్థం వచ్చే క్లాజు ఎక్కడైనా ఉందేమో ముందు చూడండి. ఇలాంటివి మొదటి పేజీల్లో ఉండవు, చివర్న చేర్చిన అనుబంధాల్లో ఉంటాయి. ఉంటే మీ చేతిలో ఒక ఆయుధం ఉన్నట్టే. లేకపోతే మీరు ఒక ఫలితాన్ని వాగ్దానం చేశారు, అది ఇవ్వలేకపోయారు. అంతే లెక్క.

అయితే వాళ్లు అడిగినదంతా కట్టాలా అంటే, అదీ కాదు. కట్టిన డబ్బు మొత్తం తిరిగి తీసుకోవడం, దాని మీద నష్టపరిహారం కూడా తీసుకోవడం, రెండూ ఒకేసారి కుదిరే సందర్భాలు తక్కువ. నాలుగైదు సెకన్లయినా కనిపించింది. టైటిల్స్‌లో వాళ్ల పేరుతో థాంక్స్ కార్డ్ వేశారా? ఆడియో ఫంక్షన్‌లో బ్యానర్ కట్టారా? కడితే అవన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇక ఏ దేశపు చట్టం వర్తిస్తుందో చూడండి. ఆర్బిట్రేషన్ సింగపూర్‌లో అన్నంత మాత్రాన సింగపూర్ చట్టమే వర్తిస్తుందని కాదు. వర్తించే చట్టం వేరే క్లాజులో ఉంటుంది. అక్కడ మలేషియా చట్టం అని ఉంటే కంగారు పడకండి. మలేషియా కాంట్రాక్ట్ చట్టం 1950 నాటిది. అది మన 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌ని చూసి రాసుకున్నదే. మన దగ్గర నష్టపరిహారానికి సెక్షన్ 73, ముందే రాసుకున్న పరిహారానికి సెక్షన్ 74. అక్కడ అవే 74, 75గా ఉంటాయి. సారాంశం ఒకటే: ఒప్పందం తప్పడం వల్ల సహజంగా కలిగే నష్టం రాబట్టుకోవచ్చు, ఎక్కడో దూరంగా ఊహించుకున్న నష్టం రాదు. “మా కాఫీ బాగా కనబడి ఉంటే అమ్మకాలు ఇంత పెరిగేవి” అనే వాదన రుజువు చెయ్యడం చాలా కష్టం. మీ సినిమా పేరుతో పోస్టర్లు అచ్చేయించుకున్నారనుకోండి, ఆ ప్రెస్ బిల్లు మాత్రం రుజువు చెయ్యగలరు. హోటల్ గదుల బిల్లులూ అంతే. కాబట్టి ఆ గదుల విలువ మీ రికార్డులో ఎంత ఉంది, వాళ్ల నోటీసులో ఎంత ఉంది, పక్కపక్కన పెట్టి చూడండి. ఇలా వస్తురూపంలో ఇచ్చిన చోటే అంకెలు ఉబ్బుతాయి.

రిలీజ్ ఆగుతుందా అన్నదే మీ అసలు టెన్షన్ అని ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. ఆర్బిట్రేషన్ సింగపూర్‌లో కదా, ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేరు అని ధీమాగా కూర్చోకండి. 2015లో మన ఆర్బిట్రేషన్ చట్టానికి చేసిన సవరణ తర్వాత, ఆర్బిట్రేషన్ విదేశంలో జరిగే కేసుల్లో కూడా, ఒప్పందంలో వద్దని రాసుకోకపోతే, మధ్యంతర రక్షణ కోసం సెక్షన్ 9 కింద ఇక్కడి హైకోర్టుకి రావచ్చు. అంటే వాళ్ల లాయరు హైకోర్టు దగ్గరి ప్యారీస్ కార్నర్‌లో బస్సు దిగి నేరుగా మా కోర్టుకే వస్తారు. డబ్బుతో తీరే నష్టానికి సినిమా విడుదల ఆపడానికి కోర్టులు సాధారణంగా మొగ్గు చూపవు. కానీ “ఇంత మొత్తం డిపాజిట్ చెయ్యండి, తర్వాత విడుదల చేసుకోండి” అనే అవకాశం ఉంది. రిలీజ్‌కి రెండు రోజుల ముందు ఆ డిపాజిట్ కట్టాల్సి రావడం అంటే ఏంటో మీ నిర్మాతగారికి నేను చెప్పక్కర్లేదు. తుది తీర్పు సింగపూర్‌లో వచ్చినా ఇండియాలో అమలవుతుంది. దాన్ని ఇక్కడ తోసిపుచ్చడానికి చట్టంలో ఉన్న కారణాలు బహు కొద్ది.

ఇప్పుడు చెయ్యాల్సిన పని కోర్టులో లేదు, ఎడిట్ రూములో ఉంది. రషెస్ (ఎడిట్ చెయ్యని మొత్తం ఫుటేజ్) తెప్పించి, ఆ కాఫీ బ్రాండ్ ఉన్న ప్రతి షాటూ, వాడినవీ వాడనివీ, టైమ్‌కోడ్‌తో సహా లిస్టు రాయించండి. ఇదంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక పళ్లరసం కంపెనీ గొడవలో వడపళనిలోని ఎడిటింగ్ సూట్‌లో నేను కూర్చోవాల్సి వచ్చింది. ఆర్ట్ అసిస్టెంట్ టేక్ టేక్‌కీ సీసా తిప్పి లేబులు కెమెరా వైపే పెట్టాడు. కంటిన్యుటీ ఫొటోల్లో (షాటుకీ షాటుకీ తేడా రాకుండా సెట్లో తీసుకునేవి) అది స్పష్టంగా ఉంది. కానీ హీరో సీసా ఎత్తిన ప్రతిసారీ ఆయన బొటనవేలు సరిగ్గా పేరు మీద పడుతోంది. పది అక్షరాల పేరులో మూడక్షరాలే కనబడుతున్నాయి. సెట్‌లో మానిటర్ ముందు ఉన్నవాళ్లెవరూ అది చూడలేదు, అందరి కళ్లూ నటన మీదే ఉన్నాయి. ఎడిటర్ ఓపిగ్గా వెతికితే, డైలాగ్ తడబడిందని పక్కన పడేసిన ఒక టేక్‌లో, హీరో సీసా బల్ల మీద పెట్టి చెయ్యి తీసేసిన మూడు సెకన్లు దొరికాయి. మాట అవసరం లేని రియాక్షన్ చోట దాన్ని వేశారు. సీను ఏమాత్రం పాడవలేదు. పాటలో ఇంకో షాటు కలిసింది. ఆ షాట్ల లింకు పంపాక అవతలివాళ్ల మెయిల్ భాషే మారిపోయింది.

మీ సినిమాకి సెన్సార్ అయిపోయిందా? అయితే తొందరపడాలి. సర్టిఫికెట్ వచ్చాక కొత్త షాటు కలిపినా తీసినా సెన్సార్ బోర్డుకి తెలియజేసి ఆమోదం తీసుకోవాలి. మూడు వారాల్లో అది జరిగే పనే, చివరి వారంలో కాదు. షాట్లు దొరక్కపోతే లిరికల్ వీడియో, ఎండ్ టైటిల్స్, మలేషియా థియేటర్లలో సినిమాకి ముందు స్లయిడ్, ఓటీటీ కాపీలో పొడిగించిన సీను, ఇలా ఇవ్వగలిగినవి అన్నీ రాసి ప్రతిపాదన పంపండి. ఆ ఉత్తరం పైన “వితవుట్ ప్రిజుడిస్” అని మీ లాయరు చేత రాయించండి. అప్పుడు రాజీ కోసం రాసినదాన్ని తప్పు ఒప్పుకున్నట్టుగా వాడుకోవడం కష్టమవుతుంది. “వాళ్లకేంటి” అన్న మాట మాత్రం ఏ మెయిల్‌లోనూ, ఏ వాట్సాప్ గ్రూపులోనూ కనబడకుండా చూసుకోండి. ఇలాంటి మెసేజీలే ఆర్బిట్రేటర్ ముందు ప్రింటవుట్లయి కూర్చుంటాయి.

ప్రశ్న: నేను చిరుధాన్యాల స్నాక్స్ తయారు చేసి గల్ఫ్‌కి పంపుతుంటాను. దుబాయ్‌లో మా సరుకు పంపిణీ చేసే భాగస్వామి, అక్కడి ఒక ఏజెన్సీ ద్వారా యూరప్ స్టూడియో తీస్తున్న సినిమాలో మా ప్యాకెట్లు చూపిస్తారని చెప్పారు. ఏజెన్సీకి డబ్బు కట్టాం. సినిమా వచ్చింది. ప్యాకెట్ ఎక్కడా లేదు. స్టూడియోకి మెయిల్ పెడితే “మీతో మాకు ఏ ఒప్పందమూ లేదు” అన్నారు. ఏజెన్సీ ఫోన్ ఎత్తడం లేదు.
– చిన్న పరిశ్రమ యజమాని, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా బాధేసింది. ఇలాంటిది వినడం నాకు కొత్త కాదు. స్టూడియో చెప్పింది కాగితం ప్రకారం నిజమే కావచ్చు. ఒప్పందం ఎవరితో ఉందో వాళ్లనే మీరు పట్టుకోగలరు. మధ్యలో ఉన్న ఏజెన్సీ పెళ్ళిళ్ళ పేరయ్యలాంటిది. సంబంధం కుదిర్చానంటుంది, కానీ అవతలి ఇంటివాళ్లు సరేనన్నారో లేదో మీకు తెలిసే దారి లేదు.

ముందు ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: మా డబ్బు తీసుకున్న రోజున స్టూడియోతో మీకున్న ఒప్పందం ఏది, కాపీ పంపండి. అది ఉంటే గొడవ వ్యాపార సంబంధమైనది, స్టూడియో మీద ఏజెన్సీకి హక్కులుంటాయి, వాటిని మీకు బదిలీ చేయించుకునే మార్గం వెతకొచ్చు. లేకపోతే, లేని అధికారం ఉందని చెప్పి డబ్బు తీసుకున్నారన్నమాట. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అయ్యే అవకాశం ఉంది. డబ్బు బెంగళూరు బ్యాంకు నుంచి వెళ్లింది, మాటలు మీతో ఇక్కడే జరిగాయి. కాబట్టి ఇక్కడ ఫిర్యాదు ఇవ్వడానికి ఆధారం ఉంటుంది. బ్యాంకు నుంచి స్విఫ్ట్ మెసేజ్ కాపీ తెచ్చుకోండి. డబ్బు చివరికి ఏ పేరు మీద ఉన్న ఖాతాకి చేరిందో అందులో ఉంటుంది. ఒప్పందం ఒక కంపెనీతో, డబ్బు వెళ్లింది ఇంకో కంపెనీకి, ఇలాంటివి అక్కడే బయటపడతాయి.

మీ పంపిణీదారుకి కమీషన్ ముట్టిందా అన్నది కూడా అడగాలి. అడగడానికి మొహమాటపడుతున్నారని మీ రాతలోనే కనబడుతోంది. ఏళ్లుగా సరుకు తీసుకుంటున్న మనిషి కదా అనిపించడం సహజం. అయినా అడగండి. మర్యాదగా, కాగితం మీద.

ఇకముందు ఇలాంటివి చేసేటప్పుడు స్టూడియో లెటర్‌హెడ్ మీద, ఫలానా ఏజెన్సీకి మా తరఫున అధికారం ఉంది, ఫలానా వస్తువు సినిమాలో ఉండబోతోంది అనే రెండు వాక్యాల ఉత్తరం తెమ్మనండి. డబ్బు మూడు విడతలుగా పెట్టుకోండి: సంతకానికి కొంత, షూటింగ్ రోజు స్టిల్స్ చేతికొచ్చాక కొంత, ఫైనల్ కాపీలో చూశాక మిగతాది. చిన్న కంపెనీని కదా, ఇన్ని షరతులు పెడితే అవకాశం పోతుందేమో అనుకుంటారు. ఆ రెండు వాక్యాలు ఇవ్వలేనివాళ్లు మీ ప్యాకెట్‌ని సినిమాలో పెట్టలేరు కూడా.

ప్రశ్న: నేను విజువల్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. హాలీవుడ్ రోబోల సినిమా మీద చైనా కంపెనీలు కేసు వేశాయని మా లెక్చరర్ చెప్పారు. అంత పెద్ద స్టూడియో ఒక చిన్న లోగో దగ్గర ఎలా పొరపాటు పడింది?
– విద్యార్థి, అంబత్తూరు

జవాబు: ఆ సినిమా ‘ట్రాన్స్‌ఫార్మర్స్: ఏజ్ ఆఫ్ ఎక్స్‌టింక్షన్’, 2014 జూన్‌లో వచ్చింది. పారామౌంట్ తీసింది. చైనాలో 30 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసి అప్పటికి అక్కడ అత్యధిక వసూళ్ల సినిమా అయింది. ఆ మార్కెట్ కోసమే అందులో బోలెడన్ని చైనా వస్తువులు, చోట్లు చేర్చారు. అంతకు ముందు 2011లో వచ్చిన భాగంలోనే చైనా పాల కంపెనీ యీలీ పాలడబ్బా తెర మీద కనిపించింది. కాబట్టి వాళ్లకి ఇది కొత్త పని కాదు.

గొడవలు రెండు. ఒకటి బీజింగ్‌లోది. ఒలింపిక్ పార్కు పక్కన డ్రాగన్ ఆకారంలో కట్టిన పాంగూ ప్లాజా అనే భవనం ఉంది. అందులో పెద్ద హోటల్. దాని యజమాని కంపెనీ, మాకు చెప్పినట్టు చూపించలేదు, మా భవనం ఉన్న దృశ్యాలు తీసెయ్యండి అంటూ విడుదలకి కొద్ది రోజుల ముందు రచ్చకెక్కింది. సినిమా అక్కడ విడుదల కాకముందే రెండు పక్షాలూ రాజీకొచ్చాయి. ఆ సమయం ఎంచుకోవడంలోనే కిటుకంతా ఉంది. విడుదల తేదీ దగ్గరపడ్డ నిర్మాత కంటే బలహీనుడు ఇంకెవరూ ఉండరు.

రెండోది, నాకు ఇంకా ముఖ్యంగా అనిపించేది, వూలాంగ్ కేసు. చోంగ్‌చింగ్ నగరపాలన కిందికి వచ్చే ప్రాంతం అది. సున్నపురాయి కొండల్లో సహజంగా ఏర్పడిన మూడు రాతి వంతెనలు అక్కడి ఆకర్షణ. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన దక్షిణ చైనా కార్స్ట్ ప్రాంతంలో భాగం. సినిమాలో ఆ రాతి వంతెనలు అద్భుతంగా కనిపిస్తాయి. అక్కడి పర్యాటక సంస్థ డబ్బు కట్టింది మాత్రం అందాన్ని చూపించినందుకు కాదు, ఆ చోటు పేరు కనబడాలని. పేరున్న గుర్తు తెర మీదికి రాలేదు. పైగా కథలో ఆ దృశ్యాలు హాంకాంగ్ దృశ్యాలకి అతుక్కుని వచ్చాయి. చూసినవాడు ఈ కొండలు హాంకాంగ్‌లోనే ఉన్నాయనుకోవచ్చు. పర్యాటక సంస్థకి అంతకు మించిన నష్టం ఏముంటుంది చెప్పండి? వాళ్లు కోర్టుకి వెళ్లారు.

మీ లెక్చరర్ గారికి ఇది కూడా చెప్పండి. ఆ రెండు గొడవల్లోనూ స్టూడియోకీ స్థానిక సంస్థకీ మధ్య చైనా కంపెనీలు ఉన్నాయి. వూలాంగ్ విషయంలో 1905 డాట్ కామ్ అనే సినిమా వెబ్‌సైట్ కంపెనీ మీద కూడా దావా పడింది. ఒక షరతు చైనీస్‌లో ఒక బల్ల దగ్గర పుట్టి, ఇంగ్లీష్‌లో ఇంకో బల్ల దాటి, లాస్ ఏంజెలిస్‌లో ఎడిటర్ కుర్చీ దాకా చేరాలి. దారిలో ఎక్కడ జారిపోయినా ఎవరికీ తెలియదు. ఎడిటర్‌కి తెలిసింది ఒక్కటే, ఈ షాటు కథకి కావాలా వద్దా. నేను రాసే ప్రతి అగ్రిమెంట్‌కీ చివర్న ఒక పేజీ కలుపుతాను. అందులో చట్టం భాష ఏమీ ఉండదు. సీను నంబరు, వస్తువు ఏ వైపు కనబడాలి, ఎన్ని సెకన్లు, తీసెయ్యాలంటే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అంతే. ఆ పేజీ డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌కీ ఎడిటర్‌కీ అందినట్టు సంతకాలు తీసుకుంటాను. లాయర్ల ఫైల్లో ఉండిపోయే అగ్రిమెంట్ సినిమాని మార్చలేదు.

ఇది విదేశీ భాగస్వాములకే పరిమితమనుకోకండి. అమెరికాలో అమెరికా కంపెనీల మధ్యే జరిగింది. ‘డై హార్డ్ 2’లో తమ డ్రిల్లింగ్ మెషీన్ వాడే సీను కోసేశారని బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ 1,50,000 డాలర్లకి స్టూడియో మీద దావా వేసింది, తర్వాత కోర్టు బయట రాజీ. ‘జెర్రీ మగ్వైర్’ 1996 డిసెంబర్‌లో వచ్చింది. రీబాక్ బూట్లని తిట్టే ఫుట్‌బాల్ ఆటగాడు ఒకడుంటాడు అందులో. చివర్లో అతనే రీబాక్ యాడ్‌లో నటించినట్టు చూపించి, ఆ తిట్టు మొత్తం తీరిపోయేలా చేస్తామని ఒప్పందం. చివరి ఎడిట్‌లో యాడ్ పోయింది, తిట్టు మిగిలింది. కోటి డాలర్లకి కేసు వేశారు. అదీ రాజీతోనే ముగిసింది. తర్వాత వచ్చిన కొన్ని కాపీల్లో ఆ యాడ్ తిరిగి కనిపించింది. ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నారంటే ఈ కేసు తప్పకుండా పెట్టుకోండి. బ్రాండుకి కనబడకపోవడం కంటే చెడుగా మాత్రమే కనబడటం ఎంత పెద్ద దెబ్బో ఇందులో ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా లేదు.

ప్రశ్న: సింగపూర్‌లో ఉండే మా అన్నయ్య కంపెనీ పానీయం ఒక తెలుగు సినిమాలో పెట్టించాం. థియేటర్‌లో బాగానే ఉంది. టీవీలో వచ్చినప్పుడు సీసాని మసకేశారు. ఇది ఒప్పందం తప్పడం కాదా?
– పాఠకురాలు, అడయార్

జవాబు: ఒప్పందంలో “సినిమా” అని మాత్రమే రాసుంటే వాదన మీకు అనుకూలంగానే ఉంది, కానీ గెలుపు ఖాయమని చెప్పలేను. ఆ పానీయం పేరు ఏదైనా మద్యం బ్రాండుకి దగ్గరగా ఉందా? ఉంటే చానెల్ మసకెయ్యడానికి గట్టి కారణం ఉంది. మద్యం, పొగాకు ప్రకటనలు కేబుల్ టీవీ నియమాల ప్రకారం నిషిద్ధం. అది కాకపోతే, తమ దగ్గర యాడ్ ఇచ్చే పోటీ కంపెనీ కోసం మసకేసి ఉండొచ్చు. థియేటర్, ఓటీటీ, శాటిలైట్, డబ్బింగ్ వెర్షన్లు, విమానాల్లో వేసే కాపీ, ఒక్కొక్కటీ పేరు పేరునా రాయించుకోవాలి. హక్కులు అమ్మేటప్పుడు ఈ షరతు కొన్నవాళ్లకి కూడా వర్తించేలా చూస్తాననే మాట నిర్మాత దగ్గర తీసుకోవాలి. మీ అన్నయ్యగారి అగ్రిమెంట్ కాపీ ఎవరైనా లాయరుకి చూపించండి. ఒప్పందం తప్పిన రోజు నుంచి మూడేళ్లు గడువు ఉంటుంది. అప్పటిదాకా ఆగొద్దు.

ప్రశ్న: రచయితని. నా కథలో ఒక పాత్ర ఒక విదేశీ నొప్పి మందు పేరు ఎత్తుకుని వెక్కిరిస్తుంది. ఒప్పందం లేకుండా పేరు వాడితే ఇబ్బందా?
– కోడంబాక్కం

జవాబు: పేరు పలికినంత మాత్రాన నేరం కాదు. కానీ వస్తువుని కించపరిస్తే, లేదా మీ సినిమాతో ఆ కంపెనీకి సంబంధం ఉందనిపిస్తే గొడవ మొదలవుతుంది. 2010లో ఒక హిందీ పాటలో జండూ బామ్ పేరు వచ్చిందని ఇమామీ కంపెనీ నోటీసు పంపింది. చివరికి ఆ పాటలో ఆడిన తారనే తమ ప్రచారానికి తీసుకుని రాజీపడ్డారు. అందరికీ అలా కలిసిరాదు. 2013లో ఒక హిందీ సినిమాలో రూహ్ అఫ్జా మీద వేసిన మాటలకి హమ్‌దర్ద్ సంస్థ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. వెక్కిరింపు కథకి అవసరమైతే కల్పిత పేరు పెట్టుకోండి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ లేబులు గీసి ఇస్తుంది. సిగరెట్ బ్రాండు జోలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. తెర మీద పొగాకు బ్రాండ్ చూపించడాన్ని మన నియమాలు పూర్తిగా నిషేధించాయి.

ప్రశ్న: మేడమ్, నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. మా సినిమాకి ఒక విదేశీ కంపెనీ చేతి గడియారాలు పంపింది. షూటింగ్ అయ్యాక లెక్క చూస్తే రెండు తక్కువ. వాటిని బయటి దేశానికి తిరిగి పంపాలంట. మా మేనేజర్ “నీ చేతిమీదుగా వెళ్లాయి, నీదే బాధ్యత” అంటూ ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. నా ఆర్నెల్ల జీతం కూడా ఆ గడియారాల ఖరీదుకి సరిపోదు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక అమ్మాయి, విరుగంబాక్కం

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఎవరు కోప్పడినా సరే. “ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాను” అని చెప్పి ఒక ఫొటో తీసుకో.

కంపెనీతో ఒప్పందం చేసుకుంది నిర్మాణ సంస్థ. వస్తువులు భద్రంగా తిరిగిస్తామని మాటిచ్చిందీ వాళ్లే. బ్రాండుకి నువ్వు నేరుగా జవాబుదారీ కాదు. ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిన బాధ్యత కూడా నీది కాదు. చాలా సినిమాలకి ప్రొడక్షన్ ఇన్సూరెన్స్ ఉంటుంది, అందులో ప్రాపర్టీలు (షూటింగ్‌లో వాడే వస్తువులు) కవరవుతాయో లేదో మేనేజర్ చూడాలి. తిరిగి పంపుతామనే షరతు మీద సుంకం లేకుండా దిగిన సరుకైతే, పోయినవాటికి కస్టమ్స్ సుంకం కట్టాల్సి రావచ్చు. వాళ్ల కంగారుకి కారణం బహుశా అదే. 2022 జులై నుంచి పన్ను నియమం కూడా ఒకటుంది. ఇలా ఇచ్చిన వస్తువు తిరిగిచ్చేస్తే ఇబ్బంది లేదు, ఉంచేసుకుంటే దాని విలువ 20,000 రూపాయలు దాటిన చోట 10 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) లెక్కలోకి వస్తుంది. ఇవన్నీ కంపెనీ, నిర్మాత, వాళ్ల ఆడిటర్ తేల్చుకోవాల్సినవి. అసిస్టెంట్ నెత్తిన వెయ్యడానికి ఒక్కటీ లేదు.

నువ్వు చెయ్యాల్సింది, గుర్తున్నంత వరకు ఇవాళే రాసిపెట్టుకోవడం. గడియారాలు ఏ రోజు వచ్చాయి, డెలివరీ చలానా మీద ఎవరు సంతకం పెట్టారు, సెట్‌లో ఎవరి పెట్టెలో తాళం వేశారు, తాళం చెవి ఎవరి దగ్గర ఉండేది, ఏ సీనుకి ఎవరి చేతికి పెట్టావు, పేకప్ అయ్యాక తిరిగి తీసుకున్నావా లేదా. కంటిన్యుటీ ఫొటోలు నీ ఫోన్‌లో ఉంటాయి కదా, ఒక్కటీ తుడిపెయ్యకు. ఏ గడియారం చివరిసారి ఎవరి చేతికి ఉందో వాటిలోనే తెలుస్తుంది. ఆర్టిస్టులు కాస్ట్యూమ్‌తో పాటు కారవాన్‌లో వదిలేసిన గడియారాలు కాస్ట్యూమ్ ట్రంకుల్లో దొరికిన సందర్భాలు నాకు తెలుసు. ఆ డిపార్ట్‌మెంట్ వాళ్లని ఒకసారి అడుగు. తర్వాత ఇవన్నీ కలిపి మీ ఆర్ట్ డైరెక్టరుగారికి ఒక మెయిల్ రాయి. నోటితో చెబితే సరిపోదు.

జీతంలోంచి కోస్తామంటే, లేదా పోలీసు కేసు పెడతామని బెదిరిస్తే, లాయరు ఫీజు గురించి ఆలోచించి ఆగిపోకు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. తమిళనాడు రాష్ట్ర న్యాయసేవల సంస్థ హైకోర్టు ఆవరణలోనే ఉంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ కాగితం ఫొటో, నీకు జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, కంటిన్యుటీ ఫొటోల ప్రింట్లు తీసుకెళ్లు.